ఎంసీబీ పడిపోతోందని పెద్దది వేయించకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, మా సత్యనారాయణపురంలో ఏ ఇంట్లో చూసినా ఇదే గొడవ, ఏసీ వేస్తే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే లైను ఆపేసే స్విచ్చు) పడిపోతోందండీ అని. వెంటనే కరెంటు పని చేసే అబ్బాయిని పిలిచి, ఉన్నది తీసేసి పెద్దది పెట్టించేస్తారు. పోయిన వేసవిలో మేమూ అదే చేశాం. పై పోర్షన్‌లో ఏసీ, ఇండక్షన్ స్టవ్వు, ఇస్త్రీపెట్టె ఒకేసారి నడిస్తే కాసేపటికి 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోయేది. 32ది వేయించాం, ఇక పడలేదు, హమ్మయ్య అనుకున్నాం. కొన్నాళ్లకి స్విచ్‌బోర్డు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన. విప్పి చూస్తే వైరు తొడుగు నల్లబడిపోయి, ముట్టుకుంటే పెచ్చులుగా రాలింది. ఆ గదిలో మా అత్తగారు పడుకుంటారు, తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఎంసీబీ కాపాడేది గోడలో ఉన్న వైరుని. కాబట్టి దాని సైజు వైరుని చూసి వేయాలి. మా గదికి ఉన్నది ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు, లైట్లకీ ఫ్యాన్లకీ వేసేది, దానికి 6 లేదా 10 ఆంపియర్లది సరిపోతుంది, అసలు 16 ఉండటమే ఎక్కువ. రెండున్నర వైరుకి 16, నాలుగు వైరుకి 20 లేదా 25, ఆరు వైరుకి 32, ఇళ్లలో మామూలుగా పాటించే లెక్క ఇది. ఒకే పైపులో నాలుగైదు సర్క్యూట్ల వైర్లు కుక్కితే వేడి బయటికి పోదు, అప్పుడు ఇంకా తగ్గించాలి, మన బెజవాడ ఎండలకి మరీను.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 32 ఎంసీబీ అంటే 33 ఆంపియర్లకే పడిపోదు. ఒకటింపావు రెట్లు వెళ్తే చాలాసేపు ఊరుకోవచ్చు, దాదాపు 46 ఆంపియర్లు వెళ్లినా పడటానికి గంట వరకూ పట్టొచ్చు. కరెంటు రెట్టింపైతే వైరులో వేడి నాలుగింతలవుతుంది, మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలే. ఇక ఆ సన్న వైరు గతేమిటో మీరే ఆలోచించండి.

మేం చివరికి ఏసీకి, ఎంసీబీలన్నీ ఉండే డీబీ బాక్సు నుంచి విడిగా నాలుగు వైరు లాగించి 20 ఎంసీబీ పెట్టించాం. స్టవ్వుకి రెండున్నరతో వేరే లైను. ఖర్చయింది, గోడ పగలగొట్టాల్సి వచ్చింది, అయినా పర్లేదు. కరెంటు లీకై షాక్ కొడితే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం, ఆ పని ఎంసీబీ చేయదు.

కరెంటు పని చేసే అన్నలకి ఒక్క విన్నపం. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా, వైరు సైజు చూడకుండా ఎంసీబీ మార్చకండి. మార్చాక ఏ లైనుకి ఏ వైరు ఉందో డీబీ బాక్సు మూత లోపల పెన్నుతో రాసి వెళ్లండి, తర్వాత వచ్చేవాళ్లకి తెలుస్తుంది.

ఒక గృహిణి,
సత్యనారాయణపురం, విజయవాడ