పదకొండున్నరకు కదలాలి, మర్నాడు పొద్దున తిరిగి రావాలి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

విశాఖ నుంచి అరకుకు పోయే రైలుకు 2017 ఏప్రిల్‌లో అద్దాల పెట్టె (విస్టాడోమ్ బోగీ) తగిలించారు. అలాంటిదే మా పక్కన తిరుపతి నుంచి పాకాల, పీలేరు మీదుగా మదనపల్లె రోడ్డు దాకా నడిపితే బాగుంటుందని ఇక్కడ చాలామంది అనుకుంటున్నదే. నడపండని మాత్రమే అడగడానికైతే ఈ ఉత్తరం అక్కర్లేదు. ఏ గంటకు నడపాలో చెప్పాలని, రైళ్ళ ఫొటోలు తీసే మేం రాస్తున్నాం. విహార రైలుకు ప్రచారం తెచ్చేది దాని ఫొటోలే. ఆ ఫొటో బాగా రావడం, రాకపోవడం టైంటేబులు వేసేవాళ్ళ చేతిలో ఉంటుంది.

తిరుపతి నుంచి పాకాలకు పట్టాలు దాదాపు పడమటికి, కాస్త నైరుతికి ఒరిగి పోతాయి. ఉత్తరాన శేషాచలం కొండలు. కాబట్టి చంద్రగిరి పక్క పొలాల్లో పట్టాలకు దక్షిణాన నిలబడితే కొండలు రైలు వెనక గోడలా వస్తాయి. డిసెంబరు, జనవరిలో సూర్యుడు రోజంతా దక్షిణాన్నే ఉంటాడు గనక వెలుగు మన వీపు మీద నుంచి పోయి పెట్టెల మీద పడుతుంది. ఇంతవరకూ అదృష్టమే. చిక్కు ఇంజను ముఖంతో. ఉదయం ఏడింటికి పడమటికి పోయే రైలుకు సూర్యుడు వెనక ఉంటాడు. పెట్టెలు మెరుస్తాయి, ఇంజను ముఖం నల్లగా వస్తుంది. సాయంత్రం తూర్పుకు తిరిగొచ్చే రైలుదీ అదే గతి. మామూలుగా విహార రైలంటే అందరూ వేసే లెక్క ఇదే: పొద్దున పోవడం, సాయంత్రం రావడం. మా దారికి మాత్రం అది సరిగ్గా తలకిందుల లెక్క.

శీతకాలంలో పదకొండు దాటాకే పడమటికి పోయే ఇంజను ముఖం మీద ఎండ పడటం మొదలవుతుంది. అందుకే తిరుపతిలో పదకొండున్నర, పన్నెండు మధ్య కదిలించమంటున్నాం. ఉదయం దర్శనం ముగించుకుని కొండ దిగినవాళ్ళకూ ఆ వేళే కుదురుతుంది. ప్రయాణికులు రాత్రికి హార్సిలీ హిల్స్‌లో ఉంటారు. మర్నాడు ఉదయం ఏడింటికి మదనపల్లె రోడ్డులో రైలు బయలుదేరితే తూర్పు ఎండ ఎదురుగా ఇంజను ముఖం మీదే పడుతుంది. అయితే మదనపల్లె రోడ్డు స్టేషను పేరుకే మదనపల్లె, ఉన్నది ఊరికి దూరంగా సీటీఎం అనే పల్లె దగ్గర. స్టేషను బయట బస్సు సిద్ధంగా లేకపోతే ఈ ఏర్పాటంతా చెడుతుంది.

నెలల సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో మరోసారి మధ్యాహ్నం సూర్యుడు మాకు నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య నెలల్లో మిట్టమధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచి పడుతుంది. పెట్టె పైకప్పు తెల్లబారి, కిటికీల కింద నీడ ముసురుతుంది. నవంబరులో ఈశాన్య రుతుపవనాల వాన, పైగా గేట్లు తీసేసి కట్టిన అండర్‌పాసుల్లో నీళ్ళు. డిసెంబరు సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా నడిపితే చాలు.

ఇక ఫొటోల కోసం రైలును కారులో రోడ్డు మీద వెంబడించడం. రైలు పాకాల చుట్టు తిరిగి పీలేరు చేరుతుంది. కారుకు భాకరాపేట ఘాటు మీదుగా దగ్గరి దారి ఉంది. చంద్రగిరి దగ్గర తీసినవాళ్ళు పాకాల వైపు పోనక్కర్లేదు. పాకాల దాటాక పట్టాలు వాయవ్యానికి తిరుగుతాయి గనక రెండున్నర, మూడు అయితే గాని అక్కడ ఇంజనుకు ఎండ తగలదు, ఆ ముక్క వదిలేసినా నష్టం లేదు. కానీ ఆ ఘాటు మలుపుల్లో తొందర పనికిరాదు. పీలేరు నుంచి కలికిరి, వాయల్పాడు మీదుగా అసలు పరుగు మొదలవుతుంది. రైలు సగటున గంటకు 55 కిలోమీటర్లు పోతే 40 కిలోమీటర్లకు 44 నిమిషాలు. ఊళ్ళు, స్పీడ్ బ్రేకర్లు, ట్రాక్టర్ల మధ్య కారు సగటు 45 అనుకుంటే 53 నిమిషాలు. అంటే తొమ్మిది, పది నిమిషాలు వెనకబడతాం, బండి ఆపి పొలంలోకి నడిచేది కాక. రైలును పీలేరులో 15 నిమిషాలు ఆపితే ఎవరూ కారును తొందరపడి తోలరు. ఆగడానికి సాకు కావాలంటే టీ ఉంది!

ప్రత్యేక రైలుకు సున్నాతో మొదలయ్యే నంబరిచ్చి, రైలు ఎక్కడుందో చూపించే మీ యాప్‌లో కనబడేలా చూడండి. అది తెలియకపోతే జనం గేటు దగ్గరే కాపు కాస్తారు. గేటు పడ్డాక అవతలికి పోలేరు, కొందరు కిందనుంచి దూరుతారు.

పట్టాల మీదికి ఎక్కితే 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని మాకు తెలుసు, ఆ నియమం ఉండాల్సిందే. తెలియని వాళ్ళకు చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పైనున్న తీగలో 25 వేల వోల్టులు. రెండు మీటర్ల లోపలికి సెల్ఫీ కర్ర కూడా పోకూడదు. లోకో పైలట్ కళ్ళలోకి ఫ్లాష్ కొట్టకూడదు. కెమెరాను రెండు చేతులా నెత్తి మీదికెత్తి నిలబడితే మరీ ప్రమాదం. ఎర్ర జెండా లేనప్పుడు బండి ఆపమని చూపే సైగ చేతులు రెండూ పైకెత్తడమే. ఫొటో కోసం నిక్కినవాణ్ణి చూసి బండి ఆపితే తప్పు పైలట్‌ది కాదు. ఇవన్నీ తెలుగులో ఒక్క పేజీలో, స్టేషనులో ఏ మేరకు ఫొటో తీయవచ్చో కూడా కలిపి, ప్రతి ప్లాట్‌ఫారం మీదా అంటించండి. ఒక స్టేషనులో సరేనన్నది పక్క స్టేషనులో తప్పు కాకూడదు.

తొందరపెట్టడానికి ఒక కారణం ఉంది. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్ల డబ్లింగుకు (రెండో లైను వేయడానికి) 2025 ఏప్రిల్‌లో 1,332 కోట్లతో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రావాల్సిన పనే, వద్దనం. ఒంటి లైనులో కరెంటు స్తంభాలు ఒక పక్కే ఉంటాయి, అవి లేని పక్కన నిలబడితే ఆరు పెట్టెల రైలు అడ్డం లేకుండా దొరుకుతుంది. రెండో లైను పడితే రెండు పక్కలా స్తంభాలే, తీసే క్షణానికి మధ్యలో గూడ్సు కూడా రావచ్చు. చంద్రగిరి దగ్గర దక్షిణం వైపు, రైల్వే హద్దు అవతల, స్తంభాల మీదుగా చూపు పోయేంత ఎత్తున ఒక మట్టి దిబ్బ వదిలిపెట్టి, దానికి కంచె వేయమని ఇంజనీర్లకు ఇప్పుడే చెబితే ఖర్చు దాదాపు ఉండదు. పని అయ్యాక అడిగితే భూసేకరణ అవుతుంది.

పెట్టె విషయంలో రెండు మాటలు. చూసే గది ఉన్న కొస రైలు చివరికి రావాలి. ఇంజను వైపు తగిలిస్తే లోపలివాళ్ళకు కనబడేది ఇంజను వీపే. ప్రతి చివరి స్టేషనులోనూ పెట్టెను తిప్పలేకపోతే రెండు కొసలకూ ఒక్కో అద్దాల పెట్టె పెట్టాలి. అద్దాలు బయలుదేరే ముందు కడగాలి, వాటి మీద ప్రకటన స్టిక్కర్లు వద్దు. లోపల లైట్లు పగలు ఆర్పేసే మీట అటెండరు చేతిలో ఉండాలి. లేకపోతే ఫొటోలో కొండకు బదులు ట్యూబులైటు వస్తుంది.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో రైళ్ళ ఫొటోలు తీసేవాళ్ళం