వార్షిక నివేదిక: పిల్లల ఎదుగుదల కోసం ఈ ఏడాది మన సంఘం చేసిన పని

ఒడిశాలోని పర్లాకిమిడిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న మన తెలుగు సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే బాగా జరిగాయి. అవి మీరు చూసినవే కాబట్టి మళ్ళీ రాయడం లేదు. తల్లిదండ్రుల కోసం పెట్టిన సమావేశాల గురించి మాత్రం వివరంగా చెప్పాలి. ఈ ఏడాది చేసిన వాటిలో అన్నిటికన్నా విలువైన పని అదేనని కార్యవర్గం అభిప్రాయం.

తల్లులు ఎక్కువగా అడిగింది భాష గురించే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఇన్ని భాషలతో పిల్లల బుర్ర గందరగోళం అయిపోదా అని టెన్షన్ పడుతున్నారు. కొందరైతే ఇంట్లో తెలుగు మానేసి, వచ్చీరాని ఇంగ్లీషులో పిల్లలతో మాట్లాడుతున్నారు. అలా చేయొద్దని గట్టిగా చెప్పాం. మూడేళ్ళవాడు నీళ్ళకు ఒడియా మాట కలిపి "అమ్మా, పాణి కావాలి" అన్నాడంటే వాడికి రెండు భాషలూ అందుతున్నాయన్నమాట. ఎవరితో ఏ భాష మాట్లాడాలో పెరిగేకొద్దీ వాడే తెలుసుకుంటాడు. అయితే రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి అనకపోయినా, పిలిస్తే పలకకపోయినా ఆ నెపం భాషల మీద వేయకూడదు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష చేయించాలి.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపినప్పుడు కూడా ఈ మాటే వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, ఇక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంటోంది. గిడుగువారు నడిచిన ఊళ్ళో ఉంటూ మన పిల్లలతో మనమే తెలుగు మాట్లాడకపోవడం బాధగా ఉంది.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ళ మెదడులో సుమారు పావు వంతు ఉంటుంది. ఐదేళ్ళకల్లా దాదాపు 90 శాతానికి చేరుతుంది. పదేపదే వాడే నాడీ సంబంధాలు గట్టిపడతాయి, వాడనివి క్రమంగా తొలగిపోతాయి. ఇందుకు ఖరీదైన ఆటవస్తువులు అక్కర్లేదు. మన కథల సాయంత్రంలో ఒక మామ్మగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నారు. మనవరాలు ఒక గింజ ఎత్తి "ఇదేంటి?" అంది. "పురుగు తొలిచిన గింజమ్మా, చిల్లు చూడు" అన్నారావిడ. పాప చిల్లులోకి తొంగి చూసి "పురుగేదీ?" అంది. "నువ్వే వెతుకు" అన్నారు. ఆ కాసేపట్లో పాప చూసింది, అడిగింది, ఆలోచించింది, ప్రతిసారీ బదులు అందుకుంది. ఫోన్‌లో వీడియోకి పాప ఏమడిగిందో తెలియదు, దాని దారిన అది పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రెండేళ్ళలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటనివ్వొద్దని చెబుతోంది. ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగని పిల్లల తల్లులు కొందరు, అన్నం పెట్టేటప్పుడు కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో పేచీలు తప్పవు, ఓపిక పట్టాలి.

తిండి విషయానికి వస్తే, ఐరన్ తక్కువైతే శ్రద్ధ, చదువు రెండూ దెబ్బతింటాయి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు టీ ఇవ్వొద్దు. ఉప్పు అయోడిన్ ఉన్నదే కొనండి. చోడి (రాగి) అంబలి మన ఇళ్ళలో మళ్ళీ కాయడం మంచిదే.

ఎదిగిన పిల్లల గురించి పెట్టిన సమావేశానికి నాన్నలు తక్కువగా వచ్చారు. వాళ్ళు తప్పక వినాల్సిన సంగతులవి. నిదానించి నిర్ణయం తీసుకునే మెదడు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్ళు పడుతుంది. పదిహేనేళ్ళ కుర్రాడు దుడుకుగా మాట్లాడితే వెంటనే చెయ్యెత్తకండి. భయంలో ఉన్న పిల్లవాడి బుర్రకు పాఠం ఎక్కదు. ఈ వయసులో నిద్ర ఆలస్యంగా పట్టడం శరీర స్వభావం, అయినా ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అర్ధరాత్రి దాకా చదివించి, తెల్లవారకముందే ట్యూషన్‌కి లేపితే చదివింది నిలవదు.

జమాఖర్చుల పట్టిక సంఘం కార్యాలయంలో ఉంది, సభ్యులెవరైనా చూడవచ్చు. కథల సాయంత్రాలు వచ్చే ఏడాదీ కొనసాగుతాయి. కథలు చెప్పగల తాతగార్లు, మామ్మగార్లు కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల సమావేశం పరీక్షలకు ముందే, నాన్నలకు వీలుగా ఆదివారం సాయంత్రం పెడుతున్నాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి