సీఏ-125: అంకె ఒక్కటే చూసి భయపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మహిళల హెల్త్ ప్యాకేజీల్లో సీఏ-125 రక్తపరీక్షను కూడా కలిపేస్తున్నారు. అండాశయ క్యాన్సర్‌కు సూచికగా (మార్కర్‌గా) వాడే ఒక ప్రోటీన్ రక్తంలో ఎంతుందో ఇది చెబుతుంది. ఏ ఇబ్బందీ లేనివారికి ఈ పరీక్ష చేసి, ఒక్క ముక్క వివరణ లేకుండా రిపోర్టు చేతిలో పెట్టడం అన్యాయం. మా వదిన రిపోర్టులో 61 అని, పక్కన నల్లటి అక్షరాల్లో ‘ఎక్కువ’ అని, కింద ‘అండాశయ క్యాన్సర్ మార్కర్’ అని ఉంది. రక్తం ఇచ్చిననాడు ఆమె నెలసరిలో ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఫారంలో రాయడానికి గడి కూడా లేదు. నెలసరి అయ్యాక మళ్లీ చేయిస్తే, మామూలు హద్దుగా చూసే 35 లోపే వచ్చింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

సీఏ-125ను తయారుచేసేది క్యాన్సర్ కణాలు మాత్రమే కాదు. గర్భాశయం లోపలి పొర, అండనాళాలు, పొట్టను, ఊపిరితిత్తులను, గుండెను కప్పి ఉండే పల్చటి పొరలు కూడా విడుదల చేస్తాయి. అక్కడ వాపు వచ్చినా, నీరు చేరినా అంకె పెరగొచ్చు. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది బయట పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డలు), తొలి నెలల గర్భం, లివర్ సిరోసిస్, గుండె వైఫల్యం, ఇవన్నీ కారణాలే. పొట్టలో క్షయ ఉన్నవారికైతే వందలు దాటి, క్యాన్సరేనని డాక్టర్లే పొరబడిన సందర్భాలున్నాయి.

తగ్గించేవీ ఉన్నాయి. ముట్లుడిగిన 18,748 మంది ఆరోగ్యవంతులైన మహిళలపై 2001లో వెలువడిన అధ్యయనంలో గర్భసంచి తీయించుకున్నవారికి, పొగతాగేవారికి, కెఫీన్ తీసుకునేవారికి ఈ అంకె తక్కువగా కనిపించింది. జాతిని బట్టి కూడా తేడా వచ్చింది. ఇన్ని తేడాలుండగా, నెలసరిలో ఉన్న ముప్పై ఏళ్ల యువతికీ, గర్భసంచి లేని అరవై ఏళ్ల ఆమెకూ రిపోర్టు మీద ఒకే 35 అచ్చువేయడం ఏం పద్ధతి?

భయం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. అమెరికాలో సీఏ-125తో, స్కానింగ్‌తో ఏటా పరీక్షలు చేసిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. క్యాన్సర్ లేకపోయినా ఉందేమోనని తేలినవారు 3,285 మంది. వారిలో 1,080 మందికి ఆపరేషన్ చేశారు. మరణాలు మాత్రం తగ్గలేదు. రెండు లక్షల మందికి పైగా మహిళలతో బ్రిటన్‌లో జరిగిన ప్రయోగమూ 2021లో మరణాలు తగ్గలేదనే తేల్చింది.

పరీక్షే వద్దని నేననడం లేదు. చికిత్సకు క్యాన్సర్ ఎలా స్పందిస్తోందో చూడటానికి, స్కానింగ్‌లో గడ్డ కనిపించినప్పుడు అదేమిటో అంచనా వేయడానికి ఇది ఎంతో అవసరం. ఆరోగ్య శాఖ అధికారులు దీన్ని ప్యాకేజీల నుంచి తీయించాలి. డాక్టరు రాసిస్తేనే చేయాలి. నెలసరి తేదీ, గర్భం, ముట్లుడిగిన వయసు, గర్భసంచి ఆపరేషన్, పొగతాగే అలవాటు రాయడానికి ఫారంలో చోటుండాలి. ఏ పద్ధతిలో పరీక్షించారో రిపోర్టులో రాయాలి. ల్యాబ్ మారితే అంకె మారుతుంది కాబట్టి, పదేపదే చేయించుకునేవారికి ఈ వివరం చాలా ముఖ్యం.

డాక్టర్లకు ఇంకో విన్నపం. తొలిదశ అండాశయ క్యాన్సర్‌లో సుమారు సగం మందికి సీఏ-125 మామూలుగానే ఉంటుంది. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం వారాల తరబడి ఉన్న మహిళను 35 లోపే ఉందని ఇంటికి పంపేయకండి. స్కానింగ్ చేయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు