స్మోక్డ్ సాల్మన్ వంటకంతో పాటు చలువ జాగ్రత్తలూ ప్రచురించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఇంటి విందులకు స్మోక్డ్ సాల్మన్ స్టార్టర్లు తయారుచేసే విధానాన్ని రంగుల చిత్రాలతో ప్రచురించారు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలో జరిగే విందులకు వంట ఒప్పుకొని చేసిపెట్టేదాన్ని కాబట్టి ఆ వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. చేప ముక్కను గులాబీలా ఎలా చుట్టాలో, దాని మీద ఏ ఆకు నిలబెట్టాలో అంత వివరంగా రాసిన వ్యాసకర్త, అసలు ఆ చేప ఉడికినదా, పచ్చిదా అన్న సంగతి ఒక్క మాటైనా చెప్పలేదు. పైగా అతిథులు రాకముందే పళ్లెం సర్ది బల్ల మీద ఉంచమన్నారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ సలహా పాటించడం ప్రమాదం.

పొగ పట్టించిన చేప అనగానే ఉడికిపోయి ఉంటుందని మనవాళ్లు అనుకోవడం సహజమే. అయితే పల్చని పొరలుగా కోసి అమ్మే స్మోక్డ్ సాల్మన్ ఉడికిన చేప కాదు. చేపకు ఉప్పు, కొంత చక్కెర పట్టించి, నీరు ఓడ్చిన తరువాత, సుమారు 30 డిగ్రీలు మించని పొగలో గంటల తరబడి ఉంచుతారు. ఆ వేడికి మాంసం ఉడకదు. అందుకే ఆ పొర నారింజ రంగులో, వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వేలు కనిపించేంత నిగారింపుతో, మధ్యలో తెల్లని కొవ్వు గీతలతో ఉంటుంది. ఇలాంటి చేపలో లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉంటే అది ఫ్రిజ్‌లోని చలువలో కూడా మెల్లగా పెరుగుతుంది. గర్భిణులు, వయసు మళ్లినవారు, కేన్సర్ వంటి వాటికి చికిత్స తీసుకుంటున్నవారు దీనిని తినకూడదని వైద్యులు చెప్పేది ఇందుకే. మన విందుల్లో మూడు తరాల వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కడుపుతో ఉన్న కోడలికి, ఎనభై దాటిన పెదనాన్నకు ఈ పళ్లెం అందించకుండా చూడటం, ఎందుకు అందించడం లేదో మెల్లగా చెప్పడం ఆ ఇంటివారి బాధ్యత.

మన జిల్లాల్లో ఇంకొక చిక్కు ఉంది. ఇక్కడ చాలా ఇళ్లకు ఈ చేప దుకాణం నుంచి కాక, అమెరికా నుంచి వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో చేరుతుంది. అట్టపెట్టెలోనో చెక్కపెట్టెలోనో, రేకు సంచిలో మూసి ఉండి, తెరిచేదాకా ఫ్రిజ్ అక్కరలేదని పైన రాసి ఉన్నది వేరే సరుకు. దాన్ని వేడి పొగలో ఉడికించి, సంచిలో మూసిన తరువాత మరోసారి అధిక వేడికి గురిచేస్తారు కాబట్టి ప్రయాణంలో చెడిపోదు. కాని దాన్ని పొరలుగా కోయాలని చూస్తే పొడిపొడిగా రాలిపోతుంది, మీ చిత్రంలోని గులాబీ దానితో ఎన్నటికీ రాదు. అది గట్టి పెరుగులో కలిపి పూయడానికే పనికివస్తుంది, ఆ రూపంలో చాలా రుచిగా ఉంటుంది కూడా. పొరలుగా కోసిన పచ్చి రకాన్ని మాత్రం ఎంత ప్రేమగా తెచ్చినా, చలువ లేకుండా సామాన్ల మధ్య పడి ఉన్నదైతే పారవేయడమే మేలు. హైదరాబాద్‌లో కొనేవారు కూడా ప్యాకెట్టు గడ్డకట్టి ఉందా లేదా, గడువు తేదీ ఎంత ఉంది, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉందా అని చూసి, థర్మకోల్ డబ్బాలో ఐసు నింపి తెచ్చుకోవాలి. అక్కడి నుంచి ఇక్కడికి మూడు గంటల దారి, ఎండలో కారు డిక్కీ పొయ్యితో సమానం. ఇండియన్ సాల్మన్ పేరిట అమ్మే రావస్ మన తీరాల్లో దొరికే వేరే జాతి. దాన్ని తెచ్చి ఇదే పద్ధతిలో పచ్చిగా వడ్డించవద్దు.

గడ్డకట్టిన ప్యాకెట్టును వంటగది గట్టు మీద కరగనివ్వకూడదు. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి, మార్చేముందు ప్యాకెట్టు మూల ఒకటి కత్తిరించాలి. గాలి తీసేసిన సంచిలో చేప కరుగుతున్నప్పుడు బాట్యులిజం అనే ప్రాణాంతక విషాహార జబ్బును కలిగించే క్రిమికి అనువైన పరిస్థితి ఏర్పడవచ్చు. గాలి తగిలితే ఆ భయం తగ్గుతుంది. ఈ చిన్న పనిని నేను చదివిన తెలుగు వంటల శీర్షికల్లో ఎవరూ చెప్పినట్టు గుర్తులేదు.

ఇక తయారీ. ఎనిమిది మంది అతిథులకు తలా మూడు చొప్పున 24 స్టార్టర్లు చాలు, ఒక్కొక్కదానికి ఎనిమిది గ్రాముల చేప పెడితే 200 గ్రాముల ప్యాకెట్టు సరిపోతుంది. మీ వ్యాసంలో చెప్పిన రష్యన్ బ్లినీల, అంటే చిన్న అట్ల కోసం బక్‌వీట్ పిండి వెతుక్కునే పని లేదు, మన జొన్నరొట్టె ఉండగా. రొట్టెను వీలైనంత పల్చగా తట్టి, కాల్చి, చిన్న గ్లాసు అంచుతో బిళ్లలు కోసి, నూనె లేకుండా పెనం మీద కరకరలాడేదాకా మళ్లీ కాల్చి పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి బిళ్ల మీద పెడితే పెరుగు జారి, చేపలోని కొవ్వు నూనెలా ఊరుతుంది. సర్వపిండి మీద పెడితే మన ఊరి ముద్ర పడుతుందని ఒకరిద్దరు అడిగారు. సర్వపిండి అంటే నాకూ ప్రాణమే, కాని అందులోని కారం, నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిసి ఈ సున్నితమైన పొగ వాసనను నిలువునా మింగేస్తాయి.

క్రీమ్ చీజ్‌కు బదులు గేదె పాల పెరుగును పల్చని బట్టలో కట్టి ఫ్రిజ్‌లోనే రాత్రంతా వడకట్టి, నిమ్మ తొక్క మీది రంగు పొరను మాత్రమే తురిమి, కొద్దిగా మిరియాల పొడితో గిలకొట్టాలి. చేపలోనే ఉప్పు దండిగా ఉంటుంది కాబట్టి పెరుగులో ఉప్పు వేయనక్కరలేదు. చేప పొరలను బాగా చల్లగా ఉన్నప్పుడే కత్తి వెనుక అంచుతో విడదీయాలి. చర్మం వైపున కనిపించే గోధుమరంగు పట్టీ నీచు వాసన వేస్తుంది, దాన్ని కోసి తీసేయాలి. వ్యాసంలో చివర నిమ్మరసం ధారాళంగా పిండమన్నారు. పులుపు తగిలిన చోట చేప నిమిషాల్లో పాలిపోయి తెల్లబడుతుంది, నిగారింపు పోతుంది. రసం కావలసినవారికి ముక్కలు పక్కన పెట్టండి. పైన పెట్టే డిల్ ఆకు కోసం నగరాలకు పోనక్కరలేదు, పెసరపప్పులో వేసుకునే మన సోయకూర అదే. లేత కొసను మాత్రమే, గోరంత తుంచి పెట్టాలి. కేపర్స్ అనే ఊరవేసిన పూమొగ్గలకు బదులు ఎండాకాలంలో ఉప్పు పట్టించిన పచ్చి మామిడి సన్నని తరుగు నాలుగు పలుకులు చాలు.

వడ్డన కూడా చల్లగానే జరగాలి. పళ్లేన్ని ముందే ఫ్రిజ్‌లో ఉంచి, ఐసు పరిచిన వెడల్పు తాంబాళంలో నిలబెట్టి, మొదట పన్నెండు మాత్రమే బయటికి తేవాలి. అవి అయిపోయాకే మిగిలినవి. ఇలాంటి పదార్థాలు గది వాతావరణంలో రెండు గంటలకు మించి, వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంటకు మించి ఉండకూడదన్నది ఆహార భద్రతలో అందరూ పాటించే నియమం. ఈ లెక్కన ఫంక్షన్ హాలు లాన్‌లో, వేసవి రాత్రి, మూడు వందల మందికి దీన్ని పెట్టడం నాకు సమ్మతం కాదు, అడిగినవారికి కాదనే చెబుతాను. ఇంట్లో పెట్టేవారు అపోలో ఫిష్, చికెన్ 65 కంటే ముందే వడ్డించాలి. కారంతో మండిన నాలుకకు దీని రుచి తెలియదు.

కిలో కొర్రమీను ధరకు దాదాపు వంద గ్రాములే వచ్చే ఈ చేప అందరికీ అందేది కాదు. మన రాష్ట్ర చేపతోనే పొగ వంటకం చేయాలనుకునేవారు కొర్రమీను ముక్కలకు ఉప్పు పట్టించి, మందపాటి కడాయి అడుగున రేకు పరిచి బియ్యం, బెల్లం, టీ ఆకు వేసి, పైన జాలీ మీద ముక్కలు పేర్చి, మూత బిగించి వేడి పొగలో ఉడికించవచ్చు. లావైన చోట కూడా మాంసం తెల్లబడి పొరలుగా విడిపోయేదాకా, అంటే లోపలి వేడి 63 డిగ్రీలకు చేరేదాకా దించకూడదు. చెరువు చేపలో పరాన్నజీవులు ఉండవచ్చు కాబట్టి, పాకాల చేపైనా లక్నవరం చేపైనా, సాల్మన్‌లా పచ్చిగా వడ్డించే సాహసం ఎవరూ చేయవద్దు. చల్లారాక విదిలించి అదే పెరుగులో కలిపి అదే జొన్న బిళ్ల మీద పెడితే, శనివారం నీచు ముట్టనివారు తప్ప తక్కినవారు సంతోషంగా తింటారు. ఆ ముట్టనివారికి పొగ పట్టించిన క్యారెట్‌తో ఇలాగే చేసి, వేరే కత్తితో, వేరే పళ్లెంలో పెట్టండి.

మీ పత్రికను చూసి వండేవారు మా జిల్లాల్లో చాలామంది ఉన్నారు. కనుక పళ్లెం ముందే బల్ల మీద ఉంచమన్న సలహాకు సవరణను, గర్భిణులకు, వృద్ధులకు సంబంధించిన హెచ్చరికను, కరిగించే పద్ధతిని వచ్చే ఆదివారం అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నయీంనగర్, హనుమకొండ