గడ్డి నేలను బంజరు అనకండి

సంపాదకుడు గారికి,

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పచ్చదనం ఎక్కువవుతోందని, అది మొక్కలకు మేలేనని పోయిన ఆదివారం మీరు రాశారు. నాలుగు రోజులైనా ఆ మాట మింగుడుపడటం లేదు. ఏ మొక్కకండీ మేలు?

మాది నంద్యాల జిల్లా, రోళ్లపాడు దగ్గర. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన గడ్డి నేల అది. మా నాన్న గొర్రెలు కాసిన బీడులో ఇప్పుడు సర్కారు తుమ్మే. మొన్న వెళ్లి వంగి చూశాను. తుమ్మ కింద ముళ్లు, ఎండు కాయలు తప్ప ఒక్క గరిక పోచ లేదు.

మన బీళ్లలో గడ్డి చాలావరకు జొన్న, సజ్జల్లాగే సీ4 రకం. కార్బన్ డయాక్సైడ్‌ను ఆకులోనే పోగుచేసుకునే ఏర్పాటు వాటికి ముందే ఉంది. గాలిలో అది 280 పీపీఎం (పది లక్షల పాళ్లలో 280) నుంచి 420 దాటినా వాటికి ఒరిగేది తక్కువ. తుమ్మలాంటి చెట్లు, పొదలు సీ3 రకం, వాటికి ఆ ఏర్పాటు లేదు. అందుకే గాలిలో ఆ వాయువు పెరిగితే వాటి మొలకలు త్వరగా ఎదుగుతాయి. పైగా ఆకు రంధ్రాలు కొంత మూసుకుని నీటి ఖర్చు తగ్గుతుంది, నేలలో మిగిలిన తేమ లోతు వేళ్లకు దక్కుతుంది. తుమ్మ పాకడానికి ఇదొక్కటే కారణం అనను. కాయలు తిన్న గొర్రెలు, మేకలు కూడా గింజలు మోస్తాయి.

సీ3 గడ్డికీ సీ4 గడ్డికీ పోటీ అయినా తేలిక లెక్క కాదు. అమెరికాలో మిన్నెసోటాలోని సీడర్ క్రీక్‌లో గడ్డి మళ్లకు 20 ఏళ్లు ఈ వాయువును అదనంగా ఇచ్చి చూశారు. 12 ఏళ్లు అనుకున్నట్టే సీ3 గడ్డి ముందుంది. ఆ తర్వాత తారుమారై సీ4 గడ్డి లాభపడింది. నేలలో అందే నత్రజని మారడం దానికి ఒక కారణమన్నారు. 2018లో బయటికొచ్చిన సంగతి ఇది. ఇరవై ఏళ్లు కొలిచినవాళ్లే అంత ఆచితూచి మాట్లాడితే, మీరు ఒక్క ముక్కలో ఎలా తేల్చేశారు?

అధికారులు మరీ అన్యాయం. గడ్డి నేల కనబడితే చాలు, బంజరని రాసి గుంతలు తీయిస్తారు. రెండేళ్ల కిందట మా ఊరి బీడులో మొక్కలు నాటి ఫొటోలు దిగి వెళ్లారు. మళ్లీ ఒక్కరూ రాలేదు. మొక్కలన్నీ ఎండిపోయాయి, గుంతల్లో వయ్యారిభామ మొలిచింది. ఒక గుంతలో పడి మా గొర్రెపిల్ల కాలు విరిగింది. అర్జీ పట్టుకెళితే కూర్చోమన్న నాథుడు లేడు. బడిలో చూస్తే చెట్లు నాటమని చెప్పేవారే గానీ, పిల్లలకు నాలుగు రకాల గడ్డి చూపించేవారు లేరు.

వానలు పడ్డాక మీ విలేకరిని పంపండి. తుమ్మ ఇంకా ఎక్కని ముక్క ఒకటి మిగిలింది, దగ్గరుండి చూపిస్తాను.

— ఒక గొర్రెల కాపరి కొడుకు, నంద్యాల జిల్లా