మన లైబ్రేరియన్ గారికి తోడుగా నిలుద్దాం

సభ్యులందరికీ నమస్కారం.

మన లైబ్రేరియన్ గారు పై అరలోని పుస్తకాలు సర్దుతూ నిచ్చెన మీది నుంచి జారిపడ్డారని, తొడ ఎముక విరగడంతో శస్త్రచికిత్స జరిగిందని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే తొడ ఎముక పూర్తిగా అతుక్కోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది కనుక, ఆసుపత్రి బిల్లు కట్టేసినా ఫిజియోథెరపీ, మందులు, ఇంట్లో సహాయకురాలి జీతం వంటి ఖర్చులు అంతకాలం కొనసాగుతూనే ఉంటాయి.

పరీక్షల రోజుల్లో మన పిల్లల కోసం మూసే వేళ దాటినా లైట్లు ఆర్పకుండా కూర్చున్నది ఆవిడే. ఎవరు ఏ పుస్తకం సగంలో ఆపారో కూడా గుర్తుపెట్టుకుని అడిగేవారు. ఆ ఆప్యాయతకు వెల కట్టాలని కాదు గానీ, ఈ సమయంలో ఆవిడను ఒంటరిగా వదిలేయడానికి నాకు మనసొప్పడం లేదు.

విరాళం ఎంతైనా సరే, కుటుంబ సభ్యుల ఖాతాకే నేరుగా పంపండి; ఖాతా వివరాలు గ్రూపులో పెట్టవద్దని వారు కోరారు కనుక నన్ను విడిగా అడగండి. డబ్బు ఇవ్వలేనివారు వారానికి ఒకసారి ఫిజియోథెరపీకి తోడు వెళ్లినా, ఆవిడ వచ్చేవరకు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దిపెట్టినా అదీ అంతే విలువైన సాయం. పరామర్శకు వెళ్లేవారు దయచేసి ముందుగా ఫోన్ చేసి, కొద్దిసేపే కూర్చుని రండి. చదివి వినిపించడానికి ఒక పుస్తకం తీసుకువెళితే ఆవిడ ఎంతో సంతోషిస్తారు.