కారు ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) రెన్యువల్ కోసం మీ ఏజెన్సీకి కట్టిన 9,000 రూపాయల గురించి ఫిర్యాదు

విశాఖపట్నం,
16-06-2025.

మేనేజర్ గారికి,

నమస్కారం. నా కారు 2010 మార్చి 18న రిజిస్టర్ అయింది. ఏపీ 31 నంబరు బండి. సొంత కారుకు ఆర్‌సీ 15 ఏళ్లే కాబట్టి ఈ మార్చి 17తో గడువు అయిపోతుందని ముందే చూసుకున్నాను. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అని జనవరి 27నే మీ ఆఫీసుకు వచ్చి, ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చి 9,000 రూపాయలు కట్టాను. అందులో 5,000 ప్రభుత్వ ఫీజు, మిగతాది గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్ల మీద వేసే పన్ను), మీ సర్వీస్ చార్జీ అని రసీదు మీద మీవాళ్లే రాశారు.

బండి ఎప్పుడు తీసుకురావాలని అడిగితే, కౌంటర్‌లో ఉన్న అబ్బాయి "ఓన్ ప్లేట్ కదా సార్, చూపించక్కర్లేదు. ఫిట్‌నెస్ ట్యాక్సీల్లాంటి ఎల్లో ప్లేట్ బండ్లకే. మీకు ఎగ్జెంప్షన్ ఉంది, కార్డు ఇంటికే వస్తుంది" అన్నాడు. నాకు అనుమానం వచ్చి మళ్లీ అడిగాను. మళ్లీ అదే మాట.

ఆ మాట తప్పు. సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష లేనిది మొదటి 15 ఏళ్లే. ఆ తర్వాత రెన్యువల్ దరఖాస్తు ఫారం 25 పెట్టి, బండిని రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. ఆయన సరే అంటేనే ఇంకో ఐదేళ్లు ఇస్తారు. ఎల్లో ప్లేట్ బండ్ల లెక్క వేరు: ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. రోజూ ఇదే పని చేసే మీకు ఈ తేడా తెలియదంటే ఎలా నమ్మాలి? పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఏడాది చెల్లుతుందన్నారు. అది పొగ ప్రమాణాల్లో కొత్తవైన బీఎస్4, బీఎస్6 బండ్లకు. నాది బీఎస్3, ఆరు నెలలే. మీ మాట మీద ఊరుకుంటే అది కూడా ఏప్రిల్‌లో అయిపోయింది.

మార్చి 17 దాటింది. ఫోన్ చేసిన ప్రతిసారీ "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నారు. ఏప్రిల్ చివర్లో నేనే ఆన్‌లైన్‌లో చూస్తే, నా బండి నంబరు మీద అసలు దరఖాస్తే లేదు.

ఆ రోజు నుంచి కారు బయటకు తీయలేదు. పట్టుబడితే జరిమానా రెండు వేలకు తక్కువ ఉండదు. అంతకంటే పెద్ద భయం ఇన్సూరెన్స్‌ది. చెల్లే రిజిస్ట్రేషన్ లేని కారు పోతే బీమా కంపెనీ డబ్బు ఇవ్వక్కర్లేదని 2021లో సుప్రీంకోర్టే చెప్పింది. మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. గోపాలపట్నం నుంచి మహారాణిపేటలోని ఆసుపత్రికి మే నెల ఎండలో ఆటోలో తీసుకెళ్లాను. డయాలసిస్ అయ్యాక ఆవిడ తల నిలపలేదు. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఆటో ఆగినప్పుడల్లా నా భుజం మీద వాలిపోయేది. కారు ఇంటి ముందే ఉంది, తీయలేను. ఆ నెల రోజుల టెన్షన్‌కు మీ రసీదులో లెక్క లేదు.

నా ఒరిజినల్ ఆర్‌సీ వెనక్కి తీసుకోవడానికి మీ ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. చివరికి జూన్ 5న నేనే దరఖాస్తు పెట్టి, బండి తీసుకెళ్లి చూపించాను. లైట్లు, హారన్, బ్రేకులు, సీటు బెల్టులు చూశారు, చాసిస్ నంబరు సరిచూశారు. సముద్రపు గాలికి కింద తుప్పు పట్టి ఉంటే ముందే బాగు చేయించాను కాబట్టి ఇబ్బంది రాలేదు. ఒక్క పూటలో అయిపోయిన పని అది. ఆలస్యానికి నెలకు 500 చొప్పున మూడు నెలలకు 1,500 అదనంగా కట్టాను.

నేను కట్టిన 9,000, మీ వల్ల పడిన 1,500, మొత్తం 10,500 రూపాయలు ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో నా బ్యాంకు ఖాతాకు పంపాలి. 15 ఏళ్లు దాటిన కారుకు తనిఖీ తప్పనిసరి అని మీ కౌంటర్ దగ్గర తెలుగులో రాసి పెట్టాలి. నేను అక్కడ కూర్చున్న రోజే ఇద్దరు పెద్దవాళ్లు ఇదే హామీ నమ్మి డబ్బు కట్టి వెళ్లారు. వాళ్లకు కూడా ఫోన్ చేసి అసలు సంగతి చెప్పండి.

గడువులోగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. రసీదు, కాల్ వివరాలు, నేను కట్టిన ఆలస్య రుసుము చలానా కాపీలు జత చేస్తున్నాను.

ఇట్లు,
గోపాలపట్నం నుంచి మీ ఖాతాదారు